ఎడమ గోడ కిటికీ

పై అంతస్తు గదిలో ఎడమ గోడకి ఉండాల్సిన కిటికీ మాయమైంది.

రెక్క ఊడిపోలేదు, అద్దం పగల్లేదు. కిటికీకి కిటికీయే లేదు. నాలుగడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు అని ఆమె స్వయంగా గీసి, కొలతలు వేసి, కింద సంతకం పెట్టిన కిటికీ. దాని స్థానంలో నున్నటి గోడ ఉంది. ప్లాస్టరింగ్ కూడా అయిపోయింది.

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది. కిటికీ కుడి గోడకుంది. ఏమీ ఎరగనట్టు బుద్ధిగా నిలబడి ఉంది.

"మేస్త్రీ!"

ఆ కేకకి కింద ఇసుక జల్లిస్తున్న వాళ్లు జల్లెడ వదిలేశారు. పెద్ద మేస్త్రీ తాపీ చేత్తో పట్టుకునే మెట్లెక్కి వచ్చాడు.

"ఏంటి ప్లానమ్మా, పొద్దున్నే పిడుగు పడింది?"

సైట్లో అందరూ ఆమెని ప్లానమ్మ అనే పిలుస్తారు. ఆర్కిటెక్ట్ అనడానికి మొదట్లో నోరు తిరగలేదు. తిరిగాక అలవాటు పోలేదు.

"ఈ కిటికీ ఇక్కడెందుకుంది?"

"గాలికమ్మా."

"నాకిప్పుడు జోకులొద్దు! నేను ఎడమ గోడకి గీశాను. మీరు కుడి గోడకి కట్టారు. ఎవరు చెప్పారు?"

"గోడ మీద కాగితం చెప్పింది." మేస్త్రీ తాపీతో చూపించాడు. తలుపు పక్కన అంటించిన షీటు. పై మూలన 'రివిజన్ రెండు' అని ఉంది. "ఒకరోజు పనిలోకొచ్చేసరికి ఉంది. మాకు గోడ మీద కాగితమే గీత, అదే రాత. మీకు తెలీదా?"

తెలీదు. ఆమె గీసింది రివిజన్ ఒకటి. రెండు అనేది ఉందని ఈ క్షణం దాకా ఆమెకి తెలీదు. షీటు కింద సంతకం గడి ఖాళీగా ఉంది.

ఆమె మిగతా గదుల్లోకి నడిచింది. నడక కాదు, దాడి. వంటింట్లో పొయ్యి ఉండాల్సిన చోట సింకు, సింకు ఉండాల్సిన చోట పొయ్యి. స్విచ్‌బోర్డులు తలుపుకి అవతలి పక్క. బయట మెట్లకి రైలింగ్ కుడివైపు గీస్తే ఎడమవైపు మొలిచింది. లెక్కపెట్టింది. ఏడు మార్పులు. ఏడూ పై ఇంట్లోనే. కింద పన్నెండు వందల చదరపు అడుగుల ఇల్లు మాత్రం గీసింది గీసినట్టు, అంగుళం తేడా లేకుండా ఉంది.

గడియారం చూసుకుంది. పదిన్నర. పెద్దసారు నాలుగింటికి వస్తారు.

పెద్దసారు అంటే ఆఫీసు యజమాని. ఇంటి ప్లాన్ల పుస్తకం వేస్తున్నారు. నాలుగు వందల అడుగుల ఒంటిగది ఇంటి నుంచి మూడు వేల అడుగుల ఇంటి దాకా ముప్ఫై ప్లాన్లు. ఆయనది ఒకటే నియమం. కట్టి చూడని ప్లాను అచ్చెయ్యరు. కట్టింది గీసినదానికి తేడాగా ఉంటే అసలే వెయ్యరు. ఇరవై తొమ్మిది ప్లాన్లు ఆయనవి. ముప్ఫయ్యోది ఆమెది. నాలుగేళ్లుగా ఇతరుల ఇళ్లలో వంటిళ్లూ వెంటిలేటర్లూ గీసి గీసి, మొదటిసారి తన పేరు మీద గీసిన ఇల్లు. ఈరోజు తేడా బయటపడితే ఆ పేజీ పోతుంది. రేపటినుంచి మళ్లీ వెంటిలేటర్లు.

పుస్తకం పని మీద పెద్దసారు ఆమెని రెండు నెలలు ఆఫీసులోంచి కదలనివ్వలేదు. ఆ రెండు నెలల్లోనే జరిగిందిది.

"మీ ఇంజనీరుగారు ఎక్కడ?"

"కింద. నీళ్ల తొట్టి దగ్గర."

* * *

సైట్ ఇంజనీరు జేబులో ఎప్పుడూ వాలు చూసే జానెడు రసమట్టం ఉంటుంది. ఏ గోడ కనబడినా తీసి ఆనిస్తాడు. మధ్యలో బుడగ నిలిస్తేనే ఊపిరి పీల్చుకుంటాడు. ఆమె ఆయనకి పెట్టిన పేరు కూడా అదే. రసమట్టం.

మొదటిరోజే ఇద్దరికీ పడలేదు. గుమ్మం ఎత్తులో పావు అంగుళం దగ్గర మొదలైన గొడవ గంటన్నర నడిచింది. ఆ తర్వాత ఒకసారి ఆమె సంతకం కింద తేదీ వెయ్యలేదని రెండు రోజులు పని ఆపేశాడు. అలాంటి మనిషి, సంతకమే లేని షీటు చూసి కిటికీ జరిపాడు!

"రసమట్టంగారూ! ఒకసారి పైకి చూస్తారా?"

ఆయన తలెత్తాడు. మెట్ల మీద ఆమె. చేతిలో ఆ షీటు.

"ఈ కాగితం ఎవరిచ్చారు?"

"గోడకుంది."

"గోడకి ఎవరు అంటించారు?"

"జిగురుతో అంటించారు."

"నేను ఎవరు అని అడిగాను. దేనితో అని కాదు!"

ఆయన రసమట్టం తీసి తొట్టి అంచు మీద పెట్టాడు. బుడగ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నా వైపు చూసి మాట్లాడండి. నా సంతకం లేకుండా ఇటుక కదపరు కదా మీరు? తేదీ లేదని రెండు రోజులు పని ఆపిన మహానుభావులు! రిజిస్టర్లో మార్పు రాశారా?"

ఆ సైట్లో మార్పుల రిజిస్టరని ఒక లావుపాటి పుస్తకం ఉంది. ఏం మారింది, ఎవరు చెప్పారు, కారణం ఏంటి, సంతకం. నాలుగు గడులు. ఈయన మొదలుపెట్టిన పద్ధతే.

"రాయలేదు."

"ఎందుకు?"

"కారణం గడిలో ఏం రాయాలో తెలియలేదు."

"అంటే కారణం లేకుండానే కట్టేశారా? నాలుగింటికి సారు వస్తారు. నా పేజీ తీసేస్తారు. మీకేం పోయింది? మీ గోడ నిలబడింది, మీ బుడగ మధ్యలోనే ఉంది!"

"మీ పేజీ పోదు," అన్నాడాయన.

"ఎలా పోదు?"

"పోనివ్వను."

"ఆహా! కిటికీనే నిలుపుకోలేకపోయారు, పేజీ నిలుపుతారట!"

ఆమె విసురుగా వెళ్లిపోయింది. ఆయన బుడగ వైపు చూశాడు. తొట్టి అంచు సమంగానే ఉంది. బుడగ మధ్యలోనే ఉంది. అయినా రసమట్టం ఎత్తి మళ్లీ పెట్టి చూశాడు.

* * *

ఆమె అనుమానం డ్రాఫ్ట్స్‌మన్ మీదికి వెళ్లింది. ఆఫీసులో కంప్యూటర్ మీద షీట్లు తయారుచేసేది ఆయనే. పోయినేడు మిర్రర్ బటన్ పొరపాటున నొక్కి, ఒక ఇల్లు మొత్తం అద్దంలో చూసినట్టు తిప్పేసిన చరిత్ర ఉంది. కారు షెడ్డు పక్కింటివాళ్ల బావిలోకి తెరుచుకుంది.

ఆయన మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక గానీ ఫోన్‌కి దొరకలేదు.

"మళ్లీ మిర్రర్ నొక్కారా?"

"అయ్యో మేడమ్, ఆ బావి గొడవ తర్వాత నేను ఇంట్లో అద్దం చూసుకోవడం కూడా మానేశాను."

"పై ఇల్లు తిరగబడింది!"

"మొత్తమా?"

ఆమె చేతిలో షీటు చూసుకుంది. "మొత్తం కాదు. బాత్రూమ్ నేను గీసినట్టే ఉంది. పడకగది కూడా."



"అయితే బటన్ కాదు మేడమ్. బటన్‌కి దయాదాక్షిణ్యాలుండవు, అన్నీ తిప్పేస్తుంది. కొన్ని తిప్పి కొన్ని వదిలేశారంటే అది బటన్ పని కాదు, మనిషి పని. కూర్చుని ఆలోచించి, ఒక్కొక్కటే తిప్పాడు."

"ఎవరు?"

"నన్నడిగితే? ఇంట్లో ఎవరుంటారో వాళ్లని అడగండి."

ఫోన్ పెట్టేసేసరికి వాన మొదలైంది. ముందు నాలుగు చినుకులు, ఇసుక గుట్ట మీద చుక్కలు పెట్టి చూసుకున్నట్టు. ఆ తర్వాత ఏకధాటిగా. కూలీలు కింద వరండాలో చేరి ఆమె కోపం గురించి మాట్లాడుకోవడం వినబడుతోంది. "పావు అంగుళానికి గంటన్నర. కిటికీకి ఎన్ని గంటలో లెక్క వెయ్యండ్రా," అంటున్నాడు మేస్త్రీ.

ఆమె పై గదిలో గోడకానించి కట్టిన రాతి బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది. అది చదువుకునే గది, బల్ల కూడా ఆమె గీసిందే. నోట్‌బుక్ తెరిచింది. సారు వచ్చేలోగా రిపోర్టు రాయాలి. నేరస్థుడు ఎవరైనా సరే, సైట్ ఇంజనీరు పేరు మొదటి వరుసలో ఉండాలి.

మూడు వాక్యాలు ఒకే ఊపులో రాసింది. 'నా సంతకం లేకుండా. నా అనుమతి లేకుండా. నాకు తెలియకుండా.'

నాలుగోది రాయబోతూ ఆగింది.

ఏదో తక్కువైంది. ఏంటో తెలియలేదు. కాగితం వైపు చూసింది, పెన్ను వైపు చూసింది. అప్పుడు తెలిసింది. నీడ లేదు.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆమె రాసే ప్రతి అక్షరం మీదా తన చేతి నీడ ముందు పడేది. బళ్లో, కాలేజీలో, ఆఫీసులో. బల్లలన్నీ ఎడమవైపు వెలుతురుకే వేస్తారు. అందుకని తల పక్కకి వంచి, చెయ్యి కొక్కెంలా మెలితిప్పి గీయడం నేర్చుకుంది. సాయంత్రానికి మెడ పట్టేసేది. పుట్టుకతో వచ్చిన నొప్పి అనుకుంది. మెడ నొప్పికి కిటికీ కారణమని ఎవరైనా అనుకుంటారా?

ఆమెది ఎడమచేతివాటం.

కుడివైపు కిటికీలోంచి వాన వెలుతురు తెల్లగా, మెత్తగా వచ్చి కాగితం మీద పరుచుకుంది. మధ్యలో ఏదీ అడ్డం లేదు.

ఆమె మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్లింది. సింకు కుడివైపు, పొయ్యి ఎడమవైపు. గరిటె తిప్పుతున్నట్టు ఎడమచెయ్యి గాల్లో తిప్పింది. మోచెయ్యి గోడకి తగల్లేదు. వాళ్లమ్మ వంటింట్లో ఇరవై ఏళ్లు తగిలింది. మెట్ల దగ్గరికి వెళ్లి రెండు దిగి మళ్లీ ఎక్కింది. ఎడమచెయ్యి దానంతటదే రైలింగ్ మీదికి పోయింది.

నాలుగేళ్లలో ఎన్ని వంటిళ్లు గీసిందో ఆమెకే లెక్కలేదు. అన్నీ కుడిచేతి వాళ్లకే. చదువుకున్న పుస్తకాల్లో అలాగే ఉండేది, అలాగే గీసింది. తను గీసిన ఏ ఇంట్లోనూ తను సుఖంగా నిలబడి కాఫీ కూడా కలుపుకోలేదు. ఆ సంగతి తనకే ఎప్పుడూ తట్టలేదు.

కోపం తగ్గాలి కదా? తగ్గలేదు. ఇంకోవైపు నుంచి రాజుకుంది.

"అమ్మాయ్, టీ తాగుతావా?"

గొడుగు దులుపుకుంటూ ఇంటి యజమానురాలు వచ్చింది. రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఇంజనీరుకి మేనత్త. తల్లి లేని మేనల్లుణ్ణి పెంచింది ఆవిడే. చేతిలో ఫ్లాస్కు ఉంది.

"మేడమ్, ఈ పై ఇల్లు ఎవరికి?"

"మావాడికి. ఎన్నాళ్లని నా కొంగు పట్టుకు తిరుగుతాడు?"

"ఆయనకి ఎడమచేతివాటమా?"

"వాడికా? వాడు చెడగొట్టేవన్నీ కుడిచేత్తోనే చెడగొడతాడు."

"మీకు?"

"నాదీ కుడిచెయ్యే. బెత్తం పట్టినవాళ్లని అడుగు, చెప్తారు." ఆవిడ టీ పోసి అందించింది. ఆమె అందుకుంది. ఆవిడ ఆ చేతినే చూస్తూ నింపాదిగా అంది: "మా ఇంటి మొత్తానికి ఆ వాటం ఉన్నవాళ్లు లేరమ్మా. ఇంతవరకూ."

ఆమె కప్పు పట్టుకున్న చేతివైపు చూసుకుంది. చిటికెన వేలి కింద ఎప్పటిలాగే సిరా మరక.

రెండు నెలలుగా ఫోన్‌కి రోజూ వచ్చిన ఫోటోలు గుర్తొచ్చాయి. కింది వరండా, కింది హాలు, కింది వంటిల్లు. 'గుడ్ మార్నింగ్, బుడగ మధ్యలోనే ఉంది' అని ప్రతిదానికీ కింద ఒక వాక్యం. ఆమె ఆ వాక్యం కోసమే చూసేది, ఎవరికీ చెప్పకుండా. పై అంతస్తు ఫోటో ఒక్కటీ రాలేదని ఇప్పుడు తట్టింది.

కప్పు బల్ల మీద పెట్టి మెట్ల వైపు దూకుడుగా నడిచింది.

"గొడుగు తీసుకో!"

"అక్కర్లేదు!"

* * *

ఇంజనీరు వానలో ఇసుక గుట్ట మీద టార్పాలిన్ కప్పుతున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. ఇద్దరూ తడుస్తున్నారు. వరండాలో కూలీలు మాటలు ఆపేసి వరసగా కూర్చున్నారు, సినిమా మొదలైనట్టు.

"నన్నడిగారా?"

ఆయన చేతిలో టార్పాలిన్ అలాగే ఉండిపోయింది.

"ఏది?"

"ఏదంటే ఏంటి? ఇంకేం మిగిల్చావు? నా కిటికీ, నా పొయ్యి, నా మెట్లు! ఒక్కమాట, ఒక్క మెసేజ్! రోజూ గుడ్ మార్నింగులు పంపిస్తావు కదా, అందులో పక్కన రాయలేకపోయావా? పావు అంగుళానికి గంటన్నర వాదించిన నోరు, దీనికి పెగల్లేదా?"

మీరు కాస్తా నువ్వు అయిపోయిందని ఇద్దరికీ వినబడింది. ఎవరూ సరిదిద్దలేదు.

"అడుగుదామనే..."

"ఎప్పుడు? గృహప్రవేశం అయ్యాకా? ముందు మనిషిని అడుగుతారు, తర్వాత ఇల్లు కడతారు. లోకంలో ఎవరైనా ముందు వంటిల్లు కట్టి పెళ్లిమాట ఎత్తుతారా?"

పెళ్లి అనే మాట వానలో కూడా గట్టిగానే వినబడింది. వరండాలో ఎవరో దగ్గారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. దాంతో ఇంకా ఒళ్లు మండింది.

"అయినా నేను వంట చేస్తానని నీకెవరు చెప్పారు?"

"నేను చేస్తాను. పొయ్యి ఎడమ వైపున్నా నాకు ఫర్వాలేదు. అలవాటు చేసుకున్నాను."

"ఎప్పుడు?"

"అత్తయ్య వంటింట్లో. రెండు నెలలుగా ఎడంచేత్తో వండుతున్నాను. రెండు కూరలు మాడాయి."

"రెండు కాదు, పదకొండు!" పై నుంచి అత్తయ్య గొంతు.

ఆమెకి నవ్వు రాబోయింది. పళ్లు బిగబట్టి ఆపింది. సరిగ్గా అప్పుడే గేటు ముందు పెద్దసారు కారు ఆగింది. నాలుగు కాలేదు. ఇంకా గంట ఉంది.

* * *

పెద్దసారు ఎక్కువ మాట్లాడరు. షీటు తెరిచి పట్టుకుని ఇల్లంతా తిరిగారు. కింద తలాడిస్తూ వచ్చారు. పైన తలాడించడం ఆగిపోయింది. చదువుకునే గదిలో నిలబడి, కళ్లజోడు పైకి తోసుకున్నారు. ఆయన వెనక ఆమె, ఇంజనీరు, అత్తయ్య, మేస్త్రీ.

"గీత తప్పా? గోడ తప్పా?"

ఆమె గొంతు సవరించుకుంది. తడి జుట్టులోంచి నీళ్లు నోట్‌బుక్ మీద పడుతున్నాయి.

"గీసింది ఇది కాదు సార్. తేడా ఉంది. మీ నియమం ప్రకారం నా పేజీ తీసెయ్యాలి." ఒక్క క్షణం ఆగింది. "కానీ గీసినదానికన్నా కట్టింది బాగుంది. ఆ మాట నేనే చెప్పాల్సొచ్చినందుకు నాకు చాలా కోపంగా ఉంది."

"ఎవరు మార్చారు?"

"నేనే సార్, ముసలాణ్ణి, కళ్లు కనపడలేదు," అన్నాడు మేస్త్రీ.

"నేనే మార్పించాను," అంది అత్తయ్య అదే క్షణంలో.

"ఒక కిటికీని ఇద్దరు జరిపారా?" పెద్దసారు ఇద్దర్నీ చూశారు. తర్వాత కుడి గోడని, ఆమె చేతిలో పెన్నుని చూశారు. నాలుగేళ్లుగా ఆమె ఆ చేత్తోనే గీస్తోంది. ఆయన ఆ సంగతి ఇప్పుడే చూస్తున్నట్టున్నారు. "ఎడమచేతి ఇల్లు పుస్తకంలో లేదు. ఎందుకు లేదో నాకూ తెలీదు. రివిజన్ మూడు నువ్వు గీసి సంతకం పెట్టు. శుక్రవారం లోగా ఇస్తే వేస్తాను. కానీ ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అనేది రిజిస్టర్లో ఉండాలి. అది లేకుండా వెయ్యను."

ఆమె రిజిస్టర్ తెచ్చి రాతి బల్ల మీద ధన్‌మని పడేసింది. తన పెన్ను ఇంజనీరు ముందు పెట్టింది.

"రాయండి. ఏడు కాదు, ఎనిమిది రాయండి."

"మార్చింది ఏడే."

"ఎనిమిదోది మర్చిపోయారు. కిటికీ కుడివైపుకి జరిపారు, టేబుల్ లైటు పాయింటు ఎక్కడుంది? ఎడమ గోడకే ఉంది! పొద్దుగూకాక మళ్లీ నా నీడ నా గీత మీదే. పగలు మాత్రమే పనిచేస్తానా నేను ఈ ఇంట్లో?"

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంజనీరు ఎడమ గోడకున్న లైటు పాయింటు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. పావు అంగుళం తప్పని మనిషి మొహంలో మొదటిసారి పట్టుబడ్డ దొంగ నవ్వు.

వంగి రాశాడు. చాలాసేపు రాశాడు. గడి చాలక పక్క గడిలోకి వెళ్లాడు. రాసి పుస్తకం ఆమెకి అందివ్వబోయాడు.

"పైకి చదవండి," అంది.

"అందరి ముందా?"

"అందరి ముందే కట్టారుగా!"

ఆయన గొంతు సవరించుకున్నాడు. వాన తగ్గింది. కుడి కిటికీలోంచి వెలుతురు పుస్తకం మీద పడుతోంది.

"మార్పులు, ఎనిమిది. ఎవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు. చేసింది నేను. షీటు గీసింది నేను, గోడకి అంటించింది నేను, పై ఇంటి ఫోటోలు పంపకుండా దాచింది నేను. ఆర్కిటెక్ట్ గారి తప్పు ఒక్క గీత కూడా లేదు. కారణం. మొదటిరోజు ఆవిడ నన్ను తిడుతూ సిమెంటు బస్తా మీద గుమ్మం గీసి చూపించారు. చేతి నీడ గీత మీద పడుతుంటే తల వంచి గీశారు. తిట్లు నాకు నచ్చాయి. ఆవిడ అలా తల వంచాల్సి రావడం నచ్చలేదు. నాకు మాటలు రావు, గోడలొచ్చు. అందుకని ముందు కిటికీ జరిపాను, తర్వాత అడుగుదామనుకున్నాను. రోజూ అడగాలనే ఫోన్ తీశాను, రోజూ గుడ్ మార్నింగ్ పెట్టి మూసేశాను. ఈలోగా వంటిల్లు కూడా అయిపోయింది. అడగకుండా కట్టడం తప్పు. ఆ తప్పు నాది. పై ఇంట్లో ఉండబోయే మనిషికి ఎడమచేతివాటం. ఆ మనిషినే ఇంకా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. జవాబు ఏదైనా సరే, లైటు పాయింటు మాత్రం రేపు పొద్దున్నే కుడి గోడకి మారుతుంది."